ఆకు నల్లబడితే జబ్బేనా?

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు మా నాయన ఊరి నుంచి వచ్చాడు. మా ఊరు బంగారుపాళెం దగ్గర. నలభై ఏళ్లు మామిడి, చెరకు, వేరుశనగ పండించిన మనిషి. ఎవరింటికి వెళ్లినా కాఫీ కంటే ముందు పెరడు చూస్తాడు. ఏ మొక్క కనిపించినా ఆకు తిప్పి వెనక వైపు చూడనిదే వదలడు. ఆ రోజూ అంతే. చేతిసంచి గుమ్మంలోనే పెట్టి నేరుగా మిద్దె ఎక్కాడు. టమాటా, వంగ, బెండ దాటుకుంటూ వెళ్లి తూర్పు పిట్టగోడ వెంట ఉన్న ఆరు కుండీల ముందు ఆగిపోయాడు.

"వీటికి భాస్వరం చాలలేదమ్మా. చూడు, ఆకు ఎలా కమిలిపోయిందో!"

జబ్బు కాదు నాయనా, ఈ డేలియా రంగే అది, ఆ రంగు కోసమే ఎక్కువ డబ్బు పెట్టి దుంపలు తెప్పించాను అని చెప్పాను. తిరునాళ్లలో గిల్టు గొలుసు కొనుక్కొచ్చిన పిల్లను చూసినట్టు చూశాడు. ఏమీ అనలేదు. మా నాయన ఏమీ అనలేదంటే ఏదో చేయబోతున్నాడని అర్థం. ఆ సంగతి ఇన్నేళ్లకు కూడా నాకు గుర్తుండదు.

ఆయన వెళ్లిపోయిన మర్నాడు నీళ్లు పోద్దామని వెళితే కుండీల్లో మట్టి మీద బూడిదరంగు డీఏపీ ఎరువు గుళికలు, వాటి మధ్య ముత్యాల్లా యూరియా. డీఏపీలో భాస్వరంతో పాటు 18 శాతం నత్రజని ఉంటుంది. యూరియాలోనైతే 46 శాతం. ఏరగలిగినంత ఏరాను, కానీ అప్పటికే సగం కరిగి మట్టిలోకి దిగింది. మూడు వారాలు తిరిగేసరికి నా డేలియాలు తోటకూరలా ఏపుగా, పచ్చగా లేచాయి. కాడలు మెత్తబడ్డాయి. కొండ మీది నుంచి గాలి కాస్త గట్టిగా వీచిన రోజు రెండు నడుము విరిగి పడ్డాయి. ఆదివారం నాయన ఫోను చేసి అడిగాడు: "కోలుకున్నాయా?"

"కోలుకున్నాయి నాయనా" అన్నాను.

ఆయన తప్పేమీ లేదు. భాస్వరం అందని మొక్కజొన్న ఆకు అచ్చంగా అలాగే ఊదారంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూస్తే మందు వేయాలని ఆయన చేతికి నలభై ఏళ్ల అలవాటు. మన మాటల్లోనూ ఆ అలవాటే ఉంది. పదికాలాలు పచ్చగా ఉండమని దీవిస్తాం. నాలుగు మెతుకులు తినే ఇంటిని పచ్చని సంసారం అంటాం. పసుపునూ ఆకుపచ్చనూ కలిపి ఒక్క "పచ్చ"లో పెట్టి, మంచినంతా దానికే అప్పగించాం. నలుపు మిగిలిన పనులకు. అలాంటి చోట నల్లాకు మొక్క పెంచడమంటే వచ్చినవాళ్లందరికీ సంజాయిషీ చెప్పుకోవడమే. ఆ సంజాయిషీ ఒక్కసారి రాసి పెట్టుకుంటే మెట్లెక్కిన ప్రతివాళ్లకూ నోటితో చెప్పే శ్రమ తప్పుతుందని ఇది రాస్తున్నాను. నా వాదన ఇంతే: తిరుపతిలో డేలియా పెంచితే పువ్వు కోసం పెంచకండి, ఆకు కోసం పెంచండి.

ముందు ఆకు సంగతి. ఉదయం ఆరున్నరకు, ఎండ ఇంకా పిట్టగోడ దాటకముందు చూస్తే అది దాదాపు నలుపే. కాడ కొంచెం ఎరుపు కలిసిన నలుపు, ఈనెలు ఇంకా ముదురు. ఆకు వెనక మాత్రం బూడిద కలిసిన ఆకుపచ్చ. ఎండ ఎక్కి వెనక నుంచి వెలుతురు పడగానే రంగు మారిపోతుంది: నేరేడుపండ్లు తిన్న పిల్లల నాలుక రంగు. ఈ ఒక్క నిమిషం కోసం నేను కాఫీ గ్లాసుతో మిద్దె మీద కాచుకుని కూర్చుంటాను. మా ఆయన కింద నుంచి ఆఫీసు టైమైందని అరుస్తూ ఉంటాడు.

ఆ నలుపు కింద పత్రహరితం ఎక్కడికీ పోలేదు, మామూలు మొక్కలాగే తన వంట తాను వండుకుంటూ ఉంటుంది. దాని మీద ఆంథోసయనిన్ అనే వర్ణకం దుప్పటిలా కప్పుకుని ఉంది, అంతే. ఇది మనకు కొత్తదేమీ కాదు. మార్చిలో చిత్తూరు నుంచి బంగారుపాళెం దాకా బస్సులో వెళుతూ కిటికీలోంచి చూడండి, మామిడి తోటల్లో రాగి రంగులో వేలాడే చిగురు కనిపిస్తుంది. అదీ ఆంథోసయనినే, లేత ఆకు ఎండకు కమిలిపోకుండా చెట్టు పట్టే గొడుగు. కృష్ణతులసి ఊదారంగూ అదే. కోటలో తులసమ్మ నల్లగా ఉంటే ఇంకా శ్రేష్ఠమని ప్రదక్షిణం చేస్తాం, ఆమెకు ఎవరూ డీఏపీ వేయరు. (ఎర్ర తోటకూర కూడా ఇదే బాపతని నేను చాలా కాలం అనుకున్నాను. కాదట. దాని ఎరుపు బీటాలైన్ అనే వేరే వర్ణకం, బీట్‌రూట్‌లో ఉండేది. ఈ రెండు రకాల రంగులూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. చూపుకు ఒకే కులం, వంశం వేరు.)

నా దగ్గర ఉన్న రకం పేరు బిషప్ ఆఫ్ లాండాఫ్. వేల్స్ దేశంలోని కార్డిఫ్‌లో ట్రెసెడర్ అనే నర్సరీ ఆయన 1924లో బయటికి తెచ్చాడు. అప్పటి లాండాఫ్ బిషప్పు పేరు మీద పెట్టారు. నల్లటి ఆకు మీద ఎర్రెర్రటి పువ్వు, ఎక్కువ రేకులు లేకుండా, మధ్యలో పసుపు పుప్పొడి. వందేళ్లు దాటినా ఇప్పటికీ నల్లాకు డేలియా అనగానే అందరికీ ముందు గుర్తుకొచ్చేది ఇదే. నారింజ పువ్వు కావాలనుకునేవాళ్లకు డేవిడ్ హోవర్డ్ ఉంది, దాని ఆకు కంచు రంగు. విత్తనాలతో పెంచేందుకు బిషప్స్ చిల్డ్రన్ అనే మిశ్రమం దొరుకుతుంది. పేరుకు తగ్గట్టే పిల్లలందరూ ఒక పోలిక ఉండరు. డేలియాలో క్రోమోజోములు మనకున్నట్టు జతలుగా కాదు, ఒక్కొక్కటి ఎనిమిదేసి ప్రతులుగా ఉంటాయి, మొత్తం 64. విత్తనం వేస్తే ఏ రంగు వస్తుందో దేవుడికే తెలియాలి. తల్లిలాంటి పిల్ల కావాలంటే దుంపో, కొమ్మ ముక్కో నాటాల్సిందే. ఇది తెలియక నేను మొదటి ఏడాది "నల్ల డేలియా, నీలం డేలియా విత్తనాలు" అని ఒక అంగడి నుంచి తెప్పించాను. నీలం రంగు డేలియా అనేది లోకంలోనే లేదు. వచ్చిన విత్తనాలు మొలిచి బంతి మొక్కలయ్యాయి. మంచి బంతే, కాదనను.

మా వీధిలో సాయంత్రం మూరలమ్మే ఆమె ఒకరోజు పైకి వచ్చి బిషప్పుగారిని చూసింది. నాయన కంటే సూటిగా అడిగింది. "కట్టడానికి కాడ పనికిరాదు, తలలో పెట్టుకోవడానికి బరువు, దేవుడికి పెడదామంటే వాసన లేదు. ఇంక దేనికమ్మా ఇది?" తిరుపతిలో పువ్వుకు ఈ మూడే పరీక్షలు. తిరుమలను వైష్ణవులు పుష్పమంటపం అంటారు. అక్కడ పూసే ప్రతి పువ్వూ స్వామిదేనని కొండ మీద ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. రామానుజులవారి మాట మీద అనంతాళ్వాన్ కొండెక్కి చేసిన కైంకర్యం పూలతోట పెంచడమే. ఇలాంటి ఊళ్లో పువ్వుకు పని ఉండి తీరాలనుకోవడం సహజమే.

నేను ఆమె బుట్టలోకి చూశాను. మల్లెలు లేని కాలం. కనకాంబరాలు, చామంతులు, వాటి మధ్య మరువం, దవనం. "ఈ రెండూ ఆకులే కదా, పూలతో సమానంగా ఎందుకు కడుతున్నావు?" అంటే నవ్వేసి, "అవి వాసన కోసం" అంది. సరే, ముక్కు కోసం ఆకు కట్టవచ్చు. కంటి కోసం ఎందుకు పెంచకూడదు? ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది. వాదనలో గెలిచానని చెప్పలేను.

కానీ ఈ నలుపు అందం నాకు ఎక్కడ అర్థమైందో చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక గురువారం పూలంగి సేవ వేళ దర్శనం దొరికింది. ఆ రోజు నగలు, పట్టుబట్టలు చాలావరకు తీసేసి స్వామిని పూలతోనే అలంకరిస్తారు. నాకు దొరికింది మామూలుగా అందరికీ దొరికేంత సేపే, జరుగు జరుగు అంటూ నెట్టేలోపు. కళ్లలో మిగిలినవి నూనె దీపాల వెలుతురు, నల్లని రాయి, దాని మీద పూలు. అవే పూలు కింద బజారులో గుట్టలుగా చూస్తాం, ఏమీ అనిపించదు. నల్లరాతి మీద ఒక్కో రేకూ విడిగా కనిపిస్తుంది. బిషప్పు చేసే పని అదే. మామూలు డేలియాలో పచ్చటి ఆకుల మీద ఎర్ర పువ్వు ఆకుతో పోట్లాడుతున్నట్టుంటుంది. నల్లాకు మీద అదే ఎరుపు నిలబడుతుంది. పువ్వు మా ఎండకు మూడు నాలుగు రోజుల్లో వాడిపోతుంది. ఆకు మూడు నెలలు ఉంటుంది. కుండీ ఖర్చు దేని మీద పెట్టాలో లెక్క మీరే వేసుకోండి.

"అయినా మన నేల మొక్క కాదు కదా" అనేవాళ్లు ఇంకో రకం. నిజమే, డేలియా మెక్సికో కొండల మొక్క, 1963 నుంచి ఆ దేశపు జాతీయ పుష్పం. స్పెయిన్‌లో కవనీయెస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1791లో దానికి డాల్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడి పేరు పెట్టాడు. మరి దసరాకు గుమ్మాలన్నిటికీ కట్టే ముద్దబంతి ఎక్కడిది? అదీ మెక్సికోదే. గుడి ముందు రాలిన దేవగన్నేరు? పేరులో దేవుణ్ణి చేర్చుకుంది కానీ పుట్టుక అటువైపే. మదనపల్లె మార్కెట్టుకు లారీల్లో వచ్చే టమాటా, మా నాయన మూడు పూటలా నంజుకునే మిరపకాయ, అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. ముందొచ్చిన చుట్టాలు కాబట్టి ఇంటివాళ్లయ్యారు. డేలియా ఆలస్యంగా వచ్చింది, అంతే తేడా.

ఇక అసలు కష్టం దగ్గరికి వస్తాను. మొక్క పరాయిది కావడంలో లేదు కష్టం, మా వానాకాలంలో ఉంది. తెలుగులో డేలియా గురించి ఎవరు చెప్పినా సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటమంటారు. హైదరాబాదుకు అది సరిపోతుంది. అక్కడ అప్పటికి వానలు వెనక్కి తగ్గుతాయి. మాకు అప్పుడే మొదలు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా వచ్చి ఇక్కడే కురుస్తాయి. 2021 నవంబరులో కపిలతీర్థం జలపాతం ఎర్రటి మట్టినీళ్లతో ఎలా విరుచుకుపడిందో, ఘాట్ రోడ్లు ఎలా మూసేశారో ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ సంవత్సరం నేను అక్టోబరులోనే నాటిన ఐదు దుంపలు వాన వెలిశాక తీసి చూస్తే వేలితో నొక్కగానే లోపలికి పోయాయి. ఉడికించిన చిలగడదుంపలా మెత్తగా, వాసన మాత్రం చచ్చిన ఎలుకది.

అప్పటి నుంచి నాకు కేలెండరు తిరుచానూరు. పద్మావతి అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు జరిగి, పంచమీతీర్థం అయ్యాక గానీ దుంప మట్టిలో పెట్టను. అప్పటికీ ఒక వాయుగుండం వస్తే రావచ్చు, కానీ కుండీని గొడుగు కిందికి జరిపే పాటి ఓపిక ఉంటుంది. మహాశివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు, దాంతో పాటే బిషప్పు నలుపూ వెళ్లిపోతుంది. అంటే చేతిలో ఉన్నది మూడు నెలలు. ఆంథోసయనిన్ బాగా పట్టాలంటే పగలు దండిగా ఎండ, రాత్రి చలి రెండూ కావాలి. ఎండకు మాకు లోటు లేదు. చలే అరువు సరుకు. జనవరి రాత్రుల్లో కూడా మాకు 18, 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. నా మొక్క నుంచి కత్తిరించిన కొమ్మలు మదనపల్లెలో ఉన్న పిన్ని కూతురికి ఇచ్చాను. ఆ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అదే తల్లి, అదే రక్తం, కానీ ఆమె పంపిన ఫోటోలో ఆకు బొగ్గు. నాది ఇత్తడి చెంబుకు చింతపండు పెట్టి తోమకముందు ఉండే రంగు. ఒకటి రెండు రోజులు అసూయపడ్డాను.

ఆ నలుపు కోసం చాలామంది చాలా చేస్తారు. సాయంత్రం మట్టి మీద ఐసు ముక్కలు పెట్టేవాళ్లను విన్నాను, షేడ్ నెట్ కింద పెట్టేవాళ్లను చూశాను. నెట్ కింద పెడితే ఇంకా పచ్చబడుతుంది, కావాలంటే పెట్టి చూడండి. నీడలో గొడుగు ఎవరు పడతారు? చలి మీ చేతిలో లేదు, మీ చేతిలో ఉన్నవి ఎండ, నత్రజని రెండే. పూర్తి ఎండ ఇవ్వండి. ఎరువు పిసినారిలా వేయండి. తర్వాత వచ్చిన రంగును మెచ్చుకోండి. వేల్స్ నలుపు తిరుపతిలో రాదు, తిరుపతి కంచు వేల్స్‌లో రాదు. నాకు ఇప్పుడు ఈ కంచే బాగుందనిపిస్తోంది. అందని ద్రాక్ష సామెత మీరు ఎత్తకముందే నేనే ఎత్తుతున్నాను.

పగటి పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. కార్డిఫ్‌లో ఎండాకాలపు పగలు 16 గంటలు దాటుతుంది. మాకు డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు. పగలు కురచైతే డేలియా గడ్డుకాలం వస్తోందనుకుని పెరగడం మానేసి దుంపల్లో దాచుకోవడం మొదలుపెడుతుంది. అందుకే మా మొక్కలు మోకాలెత్తు దాటవు, తొందరగా మొగ్గ తొడుగుతాయి. దీనికి నాకు సాక్ష్యం దొరికింది అనుకోకుండా. మా ఇంటి మూల వీధిదీపం సరిగ్గా పిట్టగోడ ఎత్తులో ఉంటుంది. ఆ మూల కుండీ మీద రాత్రంతా తెల్లటి వెలుతురే. మిగిలిన ఐదూ మొగ్గ వేసి ఆగిపోతే ఆ ఒక్కటీ ఇంకా జానెడు పెరిగి, కొమ్మలేసి, రెండు వారాలు ఆలస్యంగా పూసింది. ఆ దీపం కాలిపోయినప్పుడు ఫిర్యాదు చేసిన మొదటి మనిషిని నేనే, కారణం మాత్రం దొంగల భయమని చెప్పాను.

నాటడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పన్నెండు అంగుళాల కుండీ, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, నీళ్లు నిలవకుండా ఇసుక, గుప్పెడు వేపపిండి. ఒక్కటి మాత్రం చూసుకోండి: బంగాళాదుంపకు ఒళ్లంతా కళ్లే, డేలియా దుంపకు మెడ దగ్గర, పాత కాడ అంటిన చోటే కన్ను ఉంటుంది. మెడ విరిగిన దుంప ఎంత లావుగా ఉన్నా గుడ్డిదే, ఎన్నాళ్లు నీళ్లు పోసినా మొలవదు. నేను కొన్న మొదటి పొట్లంలో ఐదింటికి రెండు అలాంటివే. మొలక వచ్చే దాకా నీళ్లు తక్కువ. నాలుగు జతల ఆకులు వచ్చాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆకు కోసమే కదా పెంచుతున్నాం, రెండోసారి కూడా తుంచవచ్చు. ఫిబ్రవరిలో ఎండ ముదరగానే ఎర్రనల్లి వస్తుంది. ఆకు వెనక పొడి చల్లినట్టుంటే అదే. ఉదయం పూట నీళ్లు ఆకు వెనక్కి గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. ఇక్కడ మా నాయన అలవాటు నిజంగా పనికొస్తుంది.

ఇంత తిప్పలెందుకు, క్రోటన్ పెట్టుకుంటే పన్నెండు నెలలూ రంగు ఆకులేగా అని మా ఆయన అంటాడు. ఈ మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు. క్రోటన్ నిజంగానే చావదు, అడగదు, మారదు. మారదు కాబట్టే మా గేటు పక్కన పదేళ్లుగా ఉన్న క్రోటన్ రంగేమిటని ఇప్పుడు అడిగితే నేను కిందికి వెళ్లి చూసి రావాలి.

శివరాత్రి తర్వాత నీళ్లు తగ్గిస్తూ వస్తాను. ఆకులు ఎండిపోయాక కాడ జానెడు ఉంచి కోసి, దుంపల గుత్తి తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి కొబ్బరి పొట్టులో పెట్టి మెట్ల కింద దాస్తాను. గంగమ్మ జాతర నాటికి ఊరు 40 డిగ్రీలు దాటి కాలుతూ ఉంటుంది. వీధుల్లో దొర వేషం తిరుగుతూ ఉంటే మా దొరగారు మెట్ల కింద చీకట్లో పడుకుని ఉంటారు. అన్నీ బతకవు. కిందటిసారి ఎనిమిది గుత్తుల్లో మూడు ముడుతలు పడి అట్టముక్కలయ్యాయి, రెండు కుళ్లాయి, మూడు మిగిలాయి.

ఆ తవ్వే రోజున మళ్లీ మా నాయన వచ్చాడు. గుత్తిని చేతిలో తూచి చూశాడు. మొదటిసారి ఆ మొక్క మీద ఆయన ముఖంలో గౌరవం కనిపించింది.

"చిలగడదుంపలా ఉందే! తింటారా?"

మెక్సికోలో తినేవారు నాయనా, అన్నాను. పిండి పదార్థంగా ఇనులిన్ ఉంటుందని కూడా చెప్పబోయాను, వినలేదు. రెండు దుంపలు కండువాలో మూటగట్టుకున్నాడు. ఒకటి ఉడకేస్తాడట, ఇంకొకటి నాటుతాడట. కన్ను ఉన్నదే నాటమని మరీ మరీ చెప్పాను.

ఉడకేసింది ముల్లంగికి తక్కువ, గడ్డికి ఎక్కువ అని మర్నాడే తేల్చేశాడు. రెండోదాని కబురు జూలైలో వచ్చింది, తోతాపురి కోతలు సాగుతున్న రోజుల్లో. మామిడి చెట్టు కింద నీడలో పెట్టాడట, బాగా మొలిచిందట.

"రంగు ఎలా ఉంది నాయనా?"

కాసేపు మాట లేదు. లారీకి కాయలు ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పచ్చగానే వస్తోందమ్మా" అన్నాడు. "నేనేమీ వేయలేదు. ఒట్టు."